మెడలో వేసుకునే ఏఐ రికార్డర్ కొనాలి, తెలుగు సరిగ్గా రాసేది ఏదైనా ఉందా?

నూలుపోగు · ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం వైపు నేతవాళ్ల ఇళ్లకు తిరుగుతూ వాళ్ల మాటలు రికార్డ్ చేస్తున్నాను, ఒక పుస్తకం కోసం. వారానికి ఆరు గంటల ఆడియో పోగవుతోంది. ఇంటికొచ్చి ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఆపుతూ వింటూ మళ్లీ వెనక్కి జరుపుతూ టైప్ చేస్తే గంట ఆడియోకి నాకు ఐదు గంటలు పడుతోంది. మెడ పట్టేసింది.

ఇప్పటిదాకా ఫోన్‌తోనే లాగించాను. మొన్న ఒక పెద్దాయన తన పెళ్లికి తనే నేసుకున్న చీర గురించి చెబుతుంటే సరిగ్గా అప్పుడే "లోన్ కావాలా మేడమ్" అని ఎవరో ఫోన్ చేశారు, రికార్డింగ్ ఆగిపోయింది, నేను చూసుకోలేదు, ఇరవై నిమిషాలు గోవిందా. మళ్లీ అడిగితే పాపం చెప్పారు కానీ మొదటిసారి చెప్పినట్టు రాలేదు.

మా అక్క కొడుకేమో "పిన్నీ, నువ్వు కూడా ఒక పిన్ కొనుక్కో, అదే విని అదే రాసి అదే సారాంశం కూడా ఇస్తుంది" అంటున్నాడు. ఆన్‌లైన్‌లో చూస్తే పెండెంట్లు, బ్యాండ్లు, కార్డులు బోలెడున్నాయి. నాకు తెలియాల్సింది ఒకటే, తెలంగాణ పల్లె తెలుగుని, అదీ పక్కన మగ్గం ఆడుతుండగా, సరిగ్గా రాసేది ఏది? బడ్జెట్ 20 వేల లోపు. నెలనెలా కట్టేది ఉంటే అది కూడా చెప్పండి.

కాకినాడ_కాజా · ఆదివారం రాత్రి 10:05

అక్కా, ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెడితే ఏ లోన్ వాడూ రాడు కదా. 20 వేలు మిగిలాయి, నాకు కాజాలు పంపించండి చాలు.

ప్లానో_పంతులు · ఆదివారం రాత్రి 11:52

నేను ప్లాడ్ నోట్‌పిన్ ఏడాదిగా వాడుతున్నాను, ఆఫీసు మీటింగుల కోసం, ఇంగ్లీషులో. చిన్న మాత్రంత ఉంటుంది, చొక్కాకి క్లిప్ పెట్టుకోవచ్చు, మెడలో వేసుకోవచ్చు, చేతికి కట్టుకోవచ్చు. ఒకసారి చార్జ్ చేస్తే 20 గంటల రికార్డింగ్ అని కంపెనీ చెబుతుంది, 64 జీబీ లోపలే ఉంటుంది కాబట్టి ఫోన్ పక్కన లేకపోయినా రికార్డ్ అవుతుంది. మీకు జరిగిన లోన్ ఫోన్ గొడవ దీంతో ఉండదు. ఇక్కడ అమెరికాలో అది వచ్చిన కొత్తలో ధర 169 డాలర్లు.

అసలు ఖర్చు నిమిషాల్లో ఉంటుంది, అది చాలామంది కొనేముందు చూడరు. ఉచితంగా ఇచ్చేది నెలకు 300 నిమిషాల ట్రాన్స్‌క్రిప్షన్, అంటే మాటల్ని అక్షరాలుగా మార్చడం. మీరు వారానికి ఆరు గంటలంటున్నారు, అంటే నెలకు 1,440 నిమిషాలు. ఉచిత కోటా మొదటి వారంలోనే అయిపోతుంది. దాని పైన ఉండే ప్రో ప్లాన్ 1,200 నిమిషాలు, అది కూడా మీకు చాలదు. కాబట్టి పరికరం ధర చూసి బడ్జెట్ వేసుకోకండి, రెండేళ్ల చందా కలిపి వేసుకోండి.

తెలుగు గురించి మాత్రం నన్ను నమ్మకండి. 112 భాషలు అని వాళ్ల పెట్టె మీద రాసి ఉంటుంది, తెలుగు కూడా అందులో ఉంది, కానీ నేను తెలుగు మాట్లాడేది ఇంట్లోనే, ఇంట్లో దాన్ని పెట్టుకుంటే మా ఆవిడ ఊరుకోదు. మొన్న సత్యనారాయణ వ్రతానికి పొరపాటున పెట్టుకునే కూర్చున్నాను, పంతులుగారి ఎదురుగానే తీయించింది.

తీగలాగితే · సోమవారం ఉదయం 8:15

నేను స్పీచ్ మీద పనిచేస్తాను, హైదరాబాద్‌లోనే. కొంచెం పొడుగు పోస్ట్, ఓపిక పట్టండి.

ముందు ఒకటి పక్కాగా అనుకోండి. మీరు మెడలో వేసుకునేది మైకు, బ్యాటరీ, మెమరీ, అంతే. మాటల్ని అక్షరాలుగా మార్చేది ఆ పరికరం కాదు, ఎక్కడో సర్వర్‌లో ఉన్న మోడల్, అంటే బోలెడు ఆడియో వినిపించి భాష నేర్పిన ప్రోగ్రామ్. కాబట్టి "తెలుగు బాగా రాసే పిన్ ఏది" అంటే జవాబు దొరకదు, "తెలుగు బాగా రాసే మోడల్ ఏది, నా ఆడియోని దానికి ఇవ్వగలనా" అని అడగాలి.

తెలుగు ఎందుకు తడబడుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్ఏఐ వాళ్ల విస్పర్ అనే మోడల్ 2022 సెప్టెంబర్‌లో వచ్చింది, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, అందుకే చాలా యాప్‌ల అడుగున అదో దాని తమ్ముడో ఉంటుంది. మొత్తం 6,80,000 గంటల ఆడియోతో నేర్పించారు. అందులో తెలుగు విని తెలుగులో రాయడం నేర్పిన ఆడియో ఎంతో తెలుసా? ఐదు గంటల లోపు. తమిళానికి వంద గంటలు దాటి ఇచ్చారు. ఐదు గంటలు విని మన భాష వచ్చేసిందంటే ఎలా వచ్చి ఉంటుందో మీరే ఊహించుకోండి. మాట లేని చోట కూడా ఏదో ఒకటి కల్పించి రాసే జబ్బు దానికి ఉంది, మగ్గం ఆడుతూ మనిషి మౌనంగా ఉన్న రెండు నిమిషాల్లో అది ఒక పేరా రాసినా ఆశ్చర్యపోకండి.

ఇంకో చిక్కు. చాలా యాప్‌లలో భాష "ఆటో" మీద ఉంటుంది. విస్పర్ అయితే మొదటి 30 సెకన్లు విని భాష తేల్చేసుకుంటుంది. మీరు మొదట్లో "హలో, చెక్, టెస్టింగ్ వన్ టూ త్రీ" అన్నారనుకోండి, ఇంగ్లీషు అనుకుని మొత్తం గంటనీ ఇంగ్లీషు చేసి పారేస్తుంది. సెట్టింగ్‌లో తెలుగు అని గట్టిగా పెట్టండి.

ఇప్పుడు పరిస్థితి ముందుకన్నా చాలా నయం. గూగుల్ జెమిని తెలుగు ఆడియోని బాగానే పట్టుకుంటుంది. బెంగళూరు కంపెనీ సర్వం వాళ్ల మోడల్ మనవాళ్లు తెలుగులో ఇంగ్లీషు కలిపి మాట్లాడే తీరుని దృష్టిలో పెట్టుకుని చేసింది. ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ అనే పరిశోధన బృందం వాళ్ల మోడల్స్ ఉచితంగా దింపుకుని సొంత కంప్యూటర్‌లో నడుపుకోవచ్చు. ఏ పిన్ కొన్నా, అసలు ఆడియో ఫైల్‌ని బయటికి తీసి వీటికి ఇవ్వగలరా లేదా అన్నదే చూడండి.

డబ్బు పెట్టేముందు ఒక పని చేయండి. రేపు ఒక ఇంట్లో, మగ్గం నడుస్తుండగా, ఫోన్‌తోనే పది నిమిషాలు రికార్డ్ చేయండి. జెమిని యాప్ ఉచిత ఖాతాలో పది నిమిషాల ఆడియో తీసుకుంటుంది. మీకు ఇప్పటికే తెలిసిన ఇంకేదైనా యాప్‌లో కూడా అదే ఫైల్ వేయండి. పక్కపక్కన పెట్టి చూడండి.

కాకినాడ_కాజా · సోమవారం ఉదయం 8:31

ఐదు గంటల్లో తెలుగు నేర్చుకున్నాడా? మా ఇంగ్లీషు మీడియం పిల్లాడు పన్నెండేళ్ల నుంచి నేర్చుకుంటున్నాడు, ఇంకా "ఱ" దగ్గరే ఉన్నాడు.

నూలుపోగు · మంగళవారం రాత్రి 10:20

పరీక్ష చేశాను. ఫలితం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. యాప్ పేరు చెప్పను, మా అక్క కొడుకు ఫోన్‌లో ఉన్నదే.

ఆ ఇంట్లో భార్యాభర్తలిద్దరూ పని గురించి చెప్పారు. ఆమె ఆసు పోయడం గురించి, ఆయన చిటికి కట్టడం గురించి. తెలియనివాళ్ల కోసం, ఇక్కత్‌లో నూలుని రంగులో ముంచే ముందు డిజైన్ ప్రకారం అక్కడక్కడ గట్టిగా కట్లు కడతారు, దాన్ని చిటికి కట్టడం అంటారు. అంతకుముందు పేక నూలుని, అంటే బట్టలో అడ్డంగా వచ్చే నూలుని, మేకుల మీదుగా అటూ ఇటూ తిప్పి అమర్చడం ఆసు. ఒక్క చీరకి వేల సార్లు చెయ్యి ఊపాలి, ఆడవాళ్ల భుజాలు అరిగిపోయేవి. అందుకే చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ కోసం లక్ష్మీ ఆసు మిషన్ చేశారు, ఆయనకి 2017లో పద్మశ్రీ వచ్చింది, మీకు గుర్తుండే ఉంటుంది.

ఇక యాప్ రాసింది చూడండి. "చిటికి కట్టేటప్పుడు" అన్నది "చీటీ కట్టేటప్పుడు" అయింది. "ఆసు పోసేదాన్ని" అన్నది "ఆశ పోయేదాన్ని" అయింది. మగ్గంలో ఒక భాగమైన "పన్నె" కాస్తా "పన్ను". "పడుగు", అంటే నిలువు నూలు, ఒకచోట "పిడుగు", ఇంకోచోట "పడుకో". "కండెలు (నూలు చుట్టే పుల్లలు) చుట్టేది మా అత్తమ్మ" అంటే "కొండలు చుట్టేది మా అత్తమ్మ" అట, ఆమె ఎప్పుడూ ఊరు దాటి ఎరగదు పాపం.

అంతవరకైతే నవ్వి దిద్దుకునేదాన్నే. కింద సారాంశం అని ఇచ్చాడు కదా, అది ఇదీ: "నెలవారీ చీటీ చెల్లింపులు, పన్నుల భారం వల్ల ఆశ కోల్పోయిన కుటుంబం." హాయిగా నవ్వుతూ తమ పని చెప్పుకున్న మనుషుల్ని దివాలా తీయించేశాడు! అసలు మాటలు నాకు తెలుసు కాబట్టి సరిపోయింది, ఆరు నెలల తర్వాత సారాంశం ఒక్కటే చూసి రాసి ఉంటే?

జెమినిలో వేస్తే చిటికి సరిగ్గా వచ్చింది, ఆసు రెండుసార్లు సరిగ్గా, ఒకసారి తప్పుగా. మగ్గం దగ్గర ఆయన మాటలు మాత్రం సగం ఎగిరిపోయాయి.

కాకినాడ_కాజా · మంగళవారం రాత్రి 10:34

కొండలు చుట్టే అత్తమ్మకి నా నమస్కారాలు. ఇది ప్రింట్ తీసి గోడకి అంటించుకుంటున్నా.

తీగలాగితే · మంగళవారం రాత్రి 11:10

మీరు చేసిన పరీక్ష మా ఆఫీసులో వాళ్లకి చూపించాలి. మోడల్ తనకు తెలియని మాట వినగానే తనకు ఎక్కువసార్లు తగిలిన మాటని అక్కడ కూర్చోబెడుతుంది. ఇంటర్నెట్‌లో చీటీ ఉన్నంతగా చిటికి లేదు, అదీ సంగతి.

మందు ఉంది. మీ పని మాటలు ఒక నలభై యాభై జాబితా రాసుకోండి, పడుగు, పేక, నాడె, పన్నె, అచ్చు, కండె, ఆసు, చిటికి, ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు. జెమినికి ఆడియోతో పాటు ఆ జాబితా ఇచ్చి "ఈ మాటలు వస్తాయి, వినపడని చోట ఊహించకుండా చుక్కలు పెట్టు" అని తెలుగులోనే చెప్పండి. తేడా మీకే కనిపిస్తుంది. కొన్ని పిన్‌ల యాప్‌లలో కూడా సొంత మాటల జాబితా పెట్టుకునే చోటుంది. విస్పర్‌కి కూడా ముందుమాటలా ఇవ్వొచ్చు కానీ దానికి 224 టోకెన్లే, అంటే మాటల ముక్కలే, హద్దు, తెలుగు అక్షరాలు దాని లెక్కలో ముక్కలైపోతాయి కాబట్టి కొద్ది మాటలకే ఆ సంచి నిండిపోతుంది.

సారాంశం బటన్ మాత్రం ముట్టుకోకండి, కనీసం మీరు మొత్తం విని దిద్దేదాకా.

మగ్గం దగ్గర మాటలు పోవడం మాత్రం మోడల్ తప్పు కాదు, దూరం తప్పు. మాట్లాడే నోటికీ మైకుకీ మధ్య దూరం సగం చేస్తే మాట 6 డెసిబెల్స్ పెరుగుతుంది. పిన్ మీ మెడలో ఉంటే మీ ప్రశ్నలు ఖణీలుమని వినిపిస్తాయి, ఆయన జవాబులు మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడె చప్పుడులో కలిసిపోతాయి. మీకు కావాల్సింది ఆయన మాటలు కదా? మైకు ఆయన చొక్కాకి ఉండాలి.

వానల_ఊరు · బుధవారం ఉదయం 6:48

సియాటిల్ నుంచి. రెండు సంగతులు.

ఒకటి, కంపెనీల ఆయుష్షు. హ్యూమేన్ ఏఐ పిన్ గుర్తుందా, 699 డాలర్లు పెట్టి జనం కొన్నారు, పైన నెలకు 24 డాలర్లు. 2025 ఫిబ్రవరిలో హెచ్‌పీ ఆ కంపెనీ ఆస్తుల్ని 11.6 కోట్ల డాలర్లకు కొనుక్కుంది, ఆ నెల 28న సర్వర్లు కట్టేశారు, పిన్ కాస్తా చొక్కా గుండీ అయిపోయింది. లిమిట్‌లెస్ పెండెంట్ చేసే కంపెనీని 2025 డిసెంబర్‌లో ఫేస్‌బుక్ వాళ్ల మెటా కొనేసింది, కొత్తవాళ్లకి అమ్మడం ఆపేశారు, ఉన్నవాళ్లకి ఏడాది వరకు చూసుకుంటామన్నారు, కొన్ని దేశాల్లో సేవలే మూసేశారు. చేతికి కట్టుకునే బీ అనేదాన్ని అదే ఏడాది అమెజాన్ కొంది. అంటే మీరు ఒక కంపెనీకి మాటలు అప్పగిస్తారు, నిద్ర లేచేసరికి అవి ఇంకో కంపెనీ ఇంట్లో ఉంటాయి.

బీ గురించి ఇంకో మాట, అది ఆడియో దాచదు, విని రాసేసి ఆడియో పారేస్తుంది. అది గోప్యతకు మంచిదని వాళ్లంటారు, మామూలువాళ్లకి నిజమే కావచ్చు. మీకు మాత్రం పనికిరాదు. "కొండలు చుట్టే అత్తమ్మ" అని రాసి ఉంటే అసలు ఆమె ఏమందో వెనక్కి వెళ్లి వినడానికి ఏమీ ఉండదు కదా.

రెండోది పంతులుగారికి. అన్నా, మీది టెక్సాస్, అక్కడ మాట్లాడేవాళ్లలో ఒకరికి తెలిస్తే చాలు. మా వాషింగ్టన్‌లో, కాలిఫోర్నియాలో, ఫ్లోరిడాలో అలా కాదు, ఆంతరంగికంగా మాట్లాడుకునేటప్పుడు అందరూ ఒప్పుకోవాలి, లేకపోతే కేసవుతుంది. ఆ పిన్ పెట్టుకుని బే ఏరియాలో చుట్టాలింటికి వెళ్లకండి.

ప్లానో_పంతులు · బుధవారం ఉదయం 7:30

అమ్మా తల్లీ, చుట్టాల మాటలు రికార్డ్ చేసి మళ్లీ వినే ఓపిక నాకు లేదు. ఒకసారి వినడమే ఎక్కువ.

కోర్టు_మెట్లు · బుధవారం సాయంత్రం 6:15

గుంటూరులో వకీలుని. ఇక్కడి సంగతి చెబుతాను. తానూ పాల్గొన్న సంభాషణని రికార్డ్ చేస్తే నేరం అని మన దగ్గర విడిగా చట్టం లేదు. అలాగని ఏమైనా చేయొచ్చని కాదు, గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. మనుషుల వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే 2023 డేటా చట్టం ఉంది, దాని రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, దశలవారీగా అమలవుతాయి. సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే సమాచారం ఆ చట్టం కిందికి రాదు. మేడమ్‌ది పుస్తకం, అది ఇంటి అవసరం అనుకోలేం. పరిశోధనకి కొన్ని మినహాయింపులున్నాయి, వాటిని నమ్ముకుని కూర్చోకండి.

సులువైన పద్ధతి, రికార్డింగ్ మొదట్లోనే వాళ్ల గొంతుతోనే ఒప్పుకోలు తీసుకోండి. "ఫలానా పుస్తకం కోసం రికార్డ్ చేస్తున్నాను, వద్దన్నప్పుడు ఆపేస్తాను, సరేనా" అని అడగండి, వాళ్లు సరే అన్నది అందులోనే ఉంటుంది. కాగితం మీద సంతకం అడిగితే పల్లెల్లో జనం బెదురుతారు, దస్తావేజు అనుకుంటారు.

కాకినాడ_కాజా · బుధవారం సాయంత్రం 6:40

సార్, మరి భార్య భర్త మాటలు దొంగతనంగా రికార్డ్ చేస్తే? స్నేహితుడి కోసం అడుగుతున్నా.

కోర్టు_మెట్లు · బుధవారం సాయంత్రం 7:02

మీ స్నేహితుణ్ణి జాగ్రత్తగా మాట్లాడమనండి. దంపతుల కేసుల్లో అలాంటి రికార్డింగ్‌ని సాక్ష్యంగా చూడొచ్చని సుప్రీంకోర్టు 2025 జులైలో తీర్పిచ్చింది. అయితే భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్, ఫైల్ మారలేదని చూపే హ్యాష్ విలువతో సహా కావాలి, ఏఐ రాసిచ్చిన కాగితం తెచ్చి ఇదే సాక్ష్యం అంటే చెల్లదు. అసలు ఫైల్ లేకపోతే ఏమీ లేనట్టే.

నాన్నచెవి · గురువారం ఉదయం 11:25

కొంచెం పక్కదారి, క్షమించండి. మా నాన్నగారికి 81, వినికిడి బాగా తగ్గింది, మిషన్ పెట్టుకోరు, గుయ్యిమంటుందంటారు. డాక్టర్ ఏం చెప్పాడో నాకు ఫోన్లో చెప్పలేకపోతున్నారని నేనూ పిన్ కోసమే వెతికాను. చివరికి కొనలేదు. ఆండ్రాయిడ్‌లో గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ ఉచితం, తెలుగు ఉంది, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే తెర మీద పెద్ద అక్షరాల్లో పడుతుంది. పాత ట్యాబ్ ఒకటి బల్ల మీద పెట్టాం. మందుల పేర్లు తప్పు రాస్తుంది, అవి చీటీ మీద ఎలాగూ ఉంటాయి. నాన్నగారు ఇప్పుడు టీవీ ముందు కూడా దాన్ని పెట్టుకుని వార్తలు "చదువుతున్నారు". ఆయన అవసరం వేరు, నూలుపోగు గారి అవసరం వేరు, ఎవరైనా పెద్దవాళ్ల కోసం ఈ చర్చ చూస్తే పనికొస్తుందని రాశాను.

నూలుపోగు · శుక్రవారం రాత్రి 9:15

ఇవాళ జరిగింది చెప్పాలి, ఇది జరిగాక నా ఆలోచనే మారింది.

తెలిసినవాళ్ల దగ్గర ఒక పెండెంట్ అరువు తెచ్చుకుని వెళ్లాను, ఏ కంపెనీదో వదిలేయండి. మెడలో వేసుకుంటే అదే ఎప్పుడూ వింటూ ఉంటుంది, ఆన్ ఆఫ్ గోల లేదు. చెప్పాను, ఇది రికార్డ్ చేస్తుంది తాతా అని, సరే అన్నారు. గంట గడిచింది, టీ తాగాం, ఆయన దాన్ని మర్చిపోయారు, నిజం చెప్పాలంటే నేనూ మర్చిపోయాను. టీ తాగుతూ సేటు దగ్గర ఉన్న బాకీ సంగతి చెప్పారు, ఎంత, ఎప్పటినుంచి, కూలీలో ఎంత కోసుకుంటున్నాడు, అన్నీ. చెప్పి, "ఇగ ఇది రాయకు బిడ్డా, ఆయనకు తెలిస్తే నూలు ఇయ్యడు" అన్నారు. రాయను తాతా అన్నాను.

బస్సెక్కి ఫోన్ తీశాను. యాప్ అప్పటికే ముఖ్యాంశాలు రాసి పెట్టింది. మొదటి అంశం ఆ బాకీ, అంకెతో సహా. ఇంకా ఘోరం, "ఇది రాయకు బిడ్డా" అన్న మాట కూడా ట్రాన్స్‌క్రిప్ట్‌లో అక్షరం పొల్లు పోకుండా ఉంది. చిటికిని చీటీ చేసే యంత్రానికి ఆ ఒక్క వాక్యం మాత్రం తప్పు రాలేదు చూడండి. అప్పటికే అది ఏ దేశంలో ఏ సర్వర్‌లో ఉందో నాకేం తెలుసు. తుడిపేశాను, తుడిపితే నిజంగా పోయిందో లేదో.

నాకు రాత నోట్‌బుక్ ఉన్నప్పుడు ఇలాంటి మాట రాగానే పెన్ను కింద పెట్టేదాన్ని. వాళ్లు అది చూసేవాళ్లు. మెడలో వేలాడే దాన్ని ఎలా కింద పెట్టాలి?

వానల_ఊరు · శుక్రవారం రాత్రి 10:50

చదివి కాసేపు అలాగే ఉండిపోయాను. దేన్నైనా వద్దనుకోవాలంటే ఇదే కారణం, బ్యాటరీ, ధర ఇవన్నీ తర్వాత.

ప్లానో_పంతులు · శనివారం ఉదయం 5:40

నేను కాస్త అడ్డం మాట్లాడతాను, ఏమనుకోకండి. నోట్‌పిన్ ఎప్పుడూ వినదు, నొక్కితేనే మొదలవుతుంది, నొక్కితే ఆగుతుంది. ఎప్పుడూ వినే రకం వేరు, నొక్కితే వినే రకం వేరు, రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు. నాకు మతిమరుపు, మీటింగ్‌లో ఎవరు ఏం చేస్తానన్నారో దీనివల్లే నా ఉద్యోగం నిలబడింది. అందరికీ బల్ల మీద మైకు పెట్టే వీలుండదు కదా.

తీగలాగితే · శనివారం ఉదయం 9:00

పంతులుగారు చెప్పింది సరైనదే, మీటింగులకి పిన్ బాగుంటుంది, నేను కాదనను. సొంతంగా కోడ్ రాసుకోగలిగినవాళ్లకి ఓమి అనే పెండెంట్ కూడా ఉంది, ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, కావలసిన మోడల్‌ని తగిలించుకోవచ్చు. ఫ్రెండ్ అని మెడలో వేసుకునే ఇంకోటి ఉంది, దాన్ని ఈ జాబితాలో కలపకండి, అది నోట్స్ రాయడానికి కాదు, తోడుకట!

నూలుపోగు గారి పనికి మాత్రం నేనైతే ఏఐ పిన్ అసలు కొనను. మామూలు వాయిస్ రికార్డర్, సోనీ యూఎక్స్570 లాంటిది, మైకు పెట్టే రంధ్రం, మెమరీ కార్డు, రికార్డ్ అవుతుంటే ఎర్ర లైటు, ఆపితే పోతుంది. దానికి బోయా బీవై ఎమ్1 లాంటి వైరు మైకు, వైరు 6 మీటర్లుంటుంది, నేతాయన చొక్కాకి పెట్టి రికార్డర్ మీ ఒళ్లో పెట్టుకోవచ్చు. కుదించని వేవ్ ఫైల్‌గా తీస్తే గంటకు 635 ఎంబీ అవుతుంది, 32 జీబీ కార్డులో దాదాపు యాభై గంటలు. ఇంటికొచ్చాక వద్దన్న భాగం ముందు మీరే కత్తిరించండి, మిగిలింది మాత్రమే మోడల్‌కి ఇవ్వండి. యాప్‌లోకి ఎక్కాక తుడవడం వేరు, ఎక్కకముందే కత్తిరించడం వేరు.

జెమిని ఏపీఐలో, అంటే ప్రోగ్రాములు రాసేవాళ్లు వాడే దారిలో, ఒకేసారి తొమ్మిదిన్నర గంటల ఆడియో కూడా తీసుకుంటుంది, కానీ ఉచిత పద్ధతిలో మీరిచ్చింది వాళ్ల ఉత్పత్తులు మెరుగుపరచడానికి వాడుకుంటామని నిబంధనల్లో ఉంది, డబ్బు కట్టే పద్ధతిలో అలా వాడరు. ఇలాంటి మాటలకి డబ్బు కట్టే దారే పట్టండి. లేదంటే ఏఐ4భారత్ మోడల్ సొంత కంప్యూటర్‌లో, నేను ఒక ఆదివారం వచ్చి పెట్టిస్తాను, మాకు పుట్టపాక తేలియా రుమాలు చూపిస్తే చాలు.

నూలుపోగు · మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 8:30

ఆలస్యంగా రాస్తున్నాను, అడిగినవాళ్ల కోసం. పిన్ కొనలేదు. రికార్డర్, వైరు మైకు, కార్డు కొన్నాను, బడ్జెట్‌లో మిగిలింది కూడా. తీగలాగితే గారు నిజంగానే ఆదివారం వచ్చారు, రుమాలు చూసి గంటసేపు కదల్లేదు.

నా మాటల జాబితా ఇప్పుడు 63కి చేరింది. గంట ఆడియోకి దిద్దడంతో కలిపి గంటన్నర పడుతోంది, ఇంతకుముందు ఐదు. తప్పులు ఇంకా ఉన్నాయి, రెండు గొంతులు కలిసిన చోట ఎవరివి ఎవరివో తారుమారు చేస్తుంది, పాట పాడితే చేతులెత్తేస్తుంది, మగ్గాన్ని ఒకసారి "స్పీకర్ 3" అని రాసింది, ఆ ఇంట్లో దానికి ఆ గౌరవం ఉండాల్సిందే లెండి.

తాత దగ్గరికి మళ్లీ వెళ్లాను. పోయినసారి జరిగింది దాచకుండా చెప్పాను, తుడిపేశానని కూడా. ఏమీ అనలేదు. రికార్డర్‌ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "ఎర్ర లైటు పోతే ఇనదా?" అని అడిగారు. వినదు తాతా అన్నాను. తీసుకెళ్లి పన్నె పక్కన, తనకి కనపడేచోట పెట్టుకున్నారు. మధ్యలో రెండుసార్లు నన్ను అడగకుండా ఆయనే బటన్ నొక్కారు, చెప్పాల్సింది చెప్పి, మళ్లీ ఆయనే నొక్కారు.

కాకినాడ_కాజా · ఆదివారం రాత్రి 8:52

అక్కా, పుస్తకం వస్తే నాకు సంతకం చేసి ఇవ్వాలి. కొండలు చుట్టే అత్తమ్మ సంతకం కూడా కావాలి.

ఎల్బీనగర్_లావాదేవీలు · సోమవారం మధ్యాహ్నం 1:10

ఏఐ పెండెంట్ ఉంది, రెండు నెలలు వాడింది, పెట్టెతో సహా, సగం ధరకి ఇస్తాను. మా ఇంట్లో ఎవరూ నా ముందు మాట్లాడటం లేదు.

మోడరేటర్ · సోమవారం మధ్యాహ్నం 1:25

అమ్మకాలు కొనుగోళ్లు వేరే విభాగంలో పెట్టండి సార్. చర్చ తెరిచే ఉంచుతున్నాం, మాటల జాబితా ఎవరికైనా కావాలంటే నూలుపోగు గారిని ఇక్కడే అడగండి.

నాన్నచెవి · సోమవారం సాయంత్రం 4:40

జాబితా నాకు కావాలండీ. నాన్నగారు చిన్నప్పుడు చీరాలలో మగ్గం మీద కూర్చున్నారట, ట్యాబ్‌లో మీ పోస్టులు చదివి వినిపిస్తే, సారీ, చూపిస్తే, "నాడె" దగ్గర ఆగి ఏదో చెప్పడం మొదలుపెట్టారు. రికార్డ్ చేద్దామని ఫోన్ వెతికేలోపు ఆపేశారు. రేపు మళ్లీ అడుగుతాను.